ఇనుముతో ఎగరడం నేర్చుకున్న ఏడాది

లాంగ్ జంప్‌లో గాల్లో ఉండేది ఎంతసేపని అడిగితే చెప్పలేను. చూసేవాళ్లకు అది రెప్పపాటు. నాకు మాత్రం ఆ రెప్పపాటులో ఒక మధ్యాహ్నపు నిద్రంత చోటు ఉండేది. చెక్క మీద కాలు మోపి లేచాక, ఇసుక అందేలోపు, చెవుల్లో హోరు ఆగిపోయేది. మైదానం అంచున నిలబడ్డవాళ్లు, గోడవతల రైలు పట్టాలు, మధ్యాహ్నం క్లాసులో ఇవ్వాల్సిన రికార్డు పుస్తకం, అన్నీ ఎవరో చెప్పిన కథలోవిలా దూరమైపోయేవి. ఆ చోటు కోసమే నేను పన్నెండో ఏట నుంచీ పరిగెత్తాను.

పంతొమ్మిదో ఏడు వచ్చేసరికి ఆ చోటు పెరగడం మానేసింది. అప్పుడు దువ్వాడలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా టేపు ఒకే అంకె చుట్టూ తిరుగుతోంది. ఒకరోజు రెండు వేళ్లు ఎక్కువ, మరోరోజు నాలుగు వేళ్లు తక్కువ. రన్నప్ పెంచి చూశాను, తగ్గించి చూశాను. పొద్దున్నే నానబెట్టిన శనగలు తిన్నాను. ఏదీ పని చేయలేదు.

మా కాలేజీ పీటీ మేడమ్ ఒకరోజు తన ఫోనులో నేను దూకడం వీడియో తీసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బొమ్మను మెల్లగా నడిపిస్తూ చూపించింది. వేగంగా వచ్చిన నేను చెక్క మీద ఎడమకాలు వేశాను. ఆ క్షణంలో మోకాలు కుంగింది, తడి నేలలో పాతిన గుంజలా. పరుగులో తెచ్చుకున్న వేగమంతా అక్కడే కారిపోతోందని, నాకు వేగం లోటు లేదని, ఆ వేగాన్ని ఆపి పైకి తిప్పే బలం కాలిలో లేదని ఆవిడ చెప్పింది. బరువులెత్తాలంది. కాలేజీ జిమ్ములో ఉన్నవి రెండు డంబెల్స్, తిరగని ఒక సైకిలు. అందుకని వన్ టౌన్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లమని కాగితం మీద దారి గీసి ఇచ్చింది.

మా ఇల్లు కూర్మన్నపాలెంలో. నాన్న స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. అక్కడి నుంచి వన్ టౌన్‌కు పొద్దున్నే బస్సెక్కితే కిటికీ పక్కన సగం నిద్రలోనే ప్రయాణం అయిపోయేది. షిఫ్టు దిగిన మనుషులు తలలు వాల్చి పడుకునేవారు. గాజువాక దాటాక ఎక్కడో ఓడ కూత వినిపించేది. అది కలలో వచ్చిందో బయటి నుంచి వచ్చిందో తెలిసేది కాదు. పాత పోస్టాఫీసు దగ్గర కండక్టరు లేపితే దిగి, ఆటోలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోయే సందులో నడిచేదాన్ని.

మేడమ్ గీసిన దారి ఒక లేత్ షాపు ముందు ఆగింది. లోపల లుంగీ మీద నూనె మరకలతో తెల్లగడ్డం పెద్దాయన ఒకరు పడవ ఇంజను షాఫ్టును లేత్ మీద తిప్పుతున్నారు. ఇనుప తీగలు చుట్టలు చుట్టలుగా నేల మీద పడుతున్నాయి. ఆయన్ను ఆ సందులో అందరూ చాచా అనేవారు. పగలు లేత్ పని. తెల్లవారాక రెండు గంటలు, వెనకవైపు పెంకుల హాలులో బరువులు ఎత్తించడం. ఆయన తండ్రి కాలం నాటి ఆ హాలును సందులో వాళ్లింకా తాలింఖానా అనే పిలిచేవారు. కసరత్తు చేసే చోటుకు అది పాత మాట. పైకప్పులో మూడు గాజు పెంకులుండేవి. వాటిలోంచి దిగిన వెలుతురు మూడు తెల్లటి ముక్కలై నేల మీద మెల్లగా జరిగేది. గోడకు గడియారం లేదు. మొదటి ముక్క రాడ్ల స్టాండు దాకా వస్తే ఇక చాలు, స్నానం చేసి కాలేజీకి పొమ్మని లెక్క.

ఆ రోజు నాకు బరువు ముట్టనివ్వలేదు. ముక్కాలిపీట వేసి, చేతులు ఆనించకుండా కూర్చుని లెమ్మన్నారు. ఒంటికాలితో కూర్చుని లెమ్మన్నారు. ఎడమకాలి వంతు వచ్చినప్పుడు నేలమీద గొంతుకూర్చుని నా మోకాలినే చూశారు.

"లోపలికి పడిపోతాంది బేటీ. ఎడం కాలితోనే గెంతుతావా?" అని అడిగారు.

అవునన్నాను.

"అయితే ముందు దాన్ని నిలబెడదాం. ఎత్తడం తరవాత సూద్దాం."

అలా మూడు వారాలు నా భుజాల మీద ఉన్నది లేత్ షాపులో మిగిలిన ఒక బోలు పైపు మాత్రమే. దాన్ని మెడ వెనక పెట్టుకుని కూర్చోవడం, లేవడం. కూర్చునేటప్పుడు మెల్లగా దిగాలి. లేచేటప్పుడు మడమలతో నేలను నొక్కాలి. మోకాళ్లు బొటనవేళ్ల వైపే చూడాలి. చెబితే ఇంతే. కానీ ఒళ్లు ఒకసారి నేర్చుకున్న తప్పును అంత సులువుగా వదలదు. పొద్దుటి చల్లదనంలో, లేత్ నూనె వాసన మధ్య, ఆ పైపుతో లేస్తూ దిగుతూ ఉంటే, నా కాళ్లు నావి కానట్టు, ఎవరో నాకు కొత్తగా ఇచ్చి వాడకం నేర్పుతున్నట్టు ఉండేది.

నేను అక్కా అని పిలిచే అమ్మాయి అక్కడే పరిచయమైంది. నాకంటే రెండేళ్లు పెద్ద. హార్బరు పక్క మత్స్యకారుల పేటలో వాళ్లిల్లు. నాన్నకు పడవ ఉంది. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్ముతుంది. పడవ షాఫ్టు బాగు చేయించడానికి తండ్రి వెంట ఆ షాపుకొచ్చిన అక్క, వెనక హాలులో చప్పుడు విని తొంగిచూసి, మరుసటి రోజు నుంచి తానే వచ్చేసిందట. ఆమెది అసలు వెయిట్ లిఫ్టింగే, పోటీలకు వెళ్లేది. రాడ్ ముందు నిలబడి, వంగి పట్టుకుని, ఒక్క ఊపిరి తీసుకుని లేచేది. బరువు ఆమె గుండెల దాకా వచ్చి ఒక్క లిప్త ఎటూ వెళ్లకుండా ఆగేది. ఆ లిప్తలో ఆమె దాని కిందకు దూరిపోయేది. అప్పుడు హాలంతా ఊపిరి బిగపట్టినట్టు ఉండేది.

మొదటి వారంలోనే నన్నడిగింది.

"గాల్లో ఏటుంటాదే?"

"ఏటీ ఉండదక్కా. అదే బాగుంటాది" అన్నాను.

ఆమె నవ్వలేదు. అరచేతులకు సుద్దపొడి రాసుకుంటూ తలూపింది. నా మాట ఎవరికైనా అర్థమవడం అదే మొదటిసారి.

పైపు పోయి రాడ్ వచ్చింది. రాడ్ మీదికి ప్లేట్లు వచ్చాయి. ఆ ప్లేట్లు కొన్నవి కావు. విడగొట్టిన ఓడల ఇనుము తెచ్చి చాచా తన లేత్ మీదే గుండ్రంగా తిప్పి చేసినవి. ఒక జత ఏదో ఓడ పలకలోంచి, మరో జత లంగరు చుట్టే చక్రంలోంచి. ఏ రెండు జతలూ ఒక్క బరువు ఉండేవి కావు. ఒక్కో జత మీద దాని తూకం సుద్దతో రాసి ఉండేది. సముద్రపు గాలికి వారం తిరిగేసరికి అన్నిటికీ తుప్పు పూసేది. ఆదివారం అందరం గరుకు కాగితంతో రుద్ది కొబ్బరినూనె పట్టించేవాళ్లం. కళ్లు మూసుకుని వాటిని భుజాల మీద పెట్టుకుంటే ఆ ఓడలు తిరిగిన నీళ్లన్నీ నా వీపు మీద మెల్లగా ఊగుతున్నట్టు తోచేది. అప్పుడు చాచా పక్క నుంచి కళ్లు తెరవమనేవారు. బరువు కింద నిద్రపోకూడదని ఆయన నియమం.

ఇదంతా ఇంట్లో చెప్పలేదు. ప్రాక్టీసు అని మాత్రం చెప్పాను. నెల దాటాక ఒక ఆదివారం అమ్మ నా తలకు నూనె పెడుతూ, చేతులకు కూడా రాద్దామని అరచేయి తిప్పి చూసింది. వేళ్ల మొదళ్లలో నాలుగు గట్టి కాయలు. వాటి మీద బొటనవేలితో రాసి, ఇవేమిటని అడిగింది. అబద్ధం ఆడలేకపోయాను.

అమ్మ అరవలేదు. నూనె గిన్నె పక్కన పెట్టి, వంటింటి గుమ్మం మీద కూర్చుని, ఆడపిల్ల బరువులెత్తితే గర్భసంచి జారిపోతుందని, రేపు ఎవరికి జవాబు చెప్పుకోవాలని మెల్లగా అడిగింది. మాది మూడో అంతస్తు. గ్యాసు సిలిండరు వచ్చిన రోజున కుర్రాడు కిందే దించి వెళ్లిపోతే, చంకన పెట్టుకుని మెట్లెక్కించేది అమ్మే. ఆ మాట నోటిదాకా వచ్చింది గాని అనలేదు.

నాన్న అంతా విన్నారు. ఆ తర్వాతి వారం సెలవు రోజున, చొక్కా తొడుక్కుని, నేనూ వస్తానన్నారు. చాచా ఆయనకు లేత్ పక్కన స్టూలు వేశారు. ఇద్దరూ టీ తాగుతూ ఇనుము గురించి మాట్లాడుకున్నారు. తర్వాత నాన్న వచ్చి గోడకు ఆనుకుని, నేను స్క్వాట్లు చేయడం మొదటి నుంచి చివరి దాకా చూశారు. ఇద్దరం తిరుగు బస్సెక్కాం. సింధియా స్టాపు దాటాక, క్రేన్ నేర్చుకునే రోజుల్లో ఆర్నెల్లు తనకు ఎత్తడం కంటే దించడమే ఎక్కువ నేర్పారని చెప్పారు. బరువును ఎత్తడం మోటారు చేస్తుందట, దించేటప్పుడే మనిషి తెలుస్తాడట. మీ చాచా దించడం చూస్తున్నారు, ఫరవాలేదు, అన్నారు. అమ్మతో ఏం మాట్లాడారో నాకు తెలియదు. ఆ తర్వాత ఆవిడ వద్దనలేదు. ఔననీ అనలేదు.

నాలుగు నెలలకు నా ఒంటి బరువు కంటే ఎక్కువ భుజాన పెట్టుకుని కూర్చుని లేవగలిగాను. తొడలు గట్టిపడ్డాయి. బస్సు మెట్లు ఎక్కేటప్పుడు కడ్డీ పట్టుకోవడం మానేశాను. అప్పుడొక సోమవారం కాలేజీ మైదానంలో దూకాను. మేడమ్ టేపు లాగి, అంకె చూసి, మళ్లీ లాగింది.

జానెడు తగ్గింది.

ఆ వారంలో మరో మూడుసార్లు దూకాను. ప్రతిసారీ తక్కువే. పరుగులో కాళ్లు బురదలోంచి లాగుతున్నట్టుండేవి. చెక్క మీద మోకాలు కుంగడం లేదు, నిజమే. కానీ పైకి లేవడమూ లేదు. అన్నిటికంటే దిగులు వేసింది ఏమిటంటే, గాల్లో ఆ చోటు లేకుండా పోయింది. చెక్క, వెంటనే ఇసుక. మధ్యలో ఏమీ లేదు. నా ఒంటిలోకి అంత ఇనుము ఎక్కించుకుని, ఉన్న ఒక్క మంచిదాన్నీ పోగొట్టుకున్నాననిపించింది.

వన్ టౌన్ వెళ్లడం మానేశాను. ఒకటి కాదు, పది రోజులు. పొద్దున్న మెలకువ వచ్చేది. పక్క మీదే పడుకుని ఫ్యాను చూసేదాన్ని. అమ్మ టీ గ్లాసు తెచ్చి కిటికీలో పెట్టి వెళ్లేది.

పదకొండో రోజు మధ్యాహ్నం అక్క మా ఇంటికొచ్చింది. చేతిలో సంచీ, అందులో నెత్తళ్లు, చిన్న ఎండు చేపలు. మూడు అంతస్తులు ఎక్కినా ఆయాసం లేదు. నేరుగా వంటింట్లోకి పోయి అమ్మ పక్కన కూర్చుంది. నెత్తళ్లు ఎలా వేయించాలో వాళ్లమ్మ చెప్పిన పద్ధతి చెప్పింది. చింతచిగురు వేస్తే బాగుంటుందని అమ్మ అంది. గదిలో నుంచి వింటున్నాను. కాసేపటికి అమ్మ గొంతు తగ్గించి అడగాల్సింది అడిగింది. ఇంత బరువులు ఎత్తుతున్నావు, రేపు పెళ్లయ్యాక ఒంటికేమైనా అయితే ఎలాగమ్మా అని.

అక్క ఇంకో నెత్తడి తల తుంచింది.

"మాయమ్మ నలుగుర్ని కన్నాదండీ. నాను కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెల దాకా గంప దించలేదట. దానికెవుళూ బరువని పేరెట్టలేదు, అంతే" అంది.

అమ్మ మూకుడు పొయ్యి మీద పెట్టింది. నెత్తళ్ల వాసన గదిలోకి వచ్చింది. చాలా రోజుల తర్వాత నాకు ఆకలి వేసింది. అన్నాలు తిన్నాక అక్క నా పక్కన చాప మీద పడుకుని, చాచా అడుగుతున్నారని మాత్రం చెప్పి, అలాగే నిద్రపోయింది. ఆమె చేతులు నిద్రలో కూడా సగం మూసి, దేన్నో పట్టుకున్నట్టు ఉన్నాయి.

మరుసటి రోజు వెళ్లాను. తిడతారనుకున్నాను. చాచా లేత్ ఆపి, చేతులు తుడుచుకుని, జరిగింది మొత్తం విన్నారు. ఏ రోజుల్లో పరిగెత్తుతున్నాను, ఏ రోజుల్లో దూకుతున్నాను, ఎంత నిద్రపోతున్నాను అని అప్పుడు అడిగారు. చెప్పాను. ఆదివారం తప్ప రోజూ ఆయన దగ్గర బరువులు, అక్కడి నుంచి వెళ్లి రోజూ మైదానంలో పరుగు. ఆయన గడ్డం నిమురుకున్నారు.

"తప్పు నాది బేటీ. ఇన్నేళ్లూ ఎత్తేవోళ్లకే నేర్పినాను. వోళ్లకి ఎత్తడమే పండగ. నీ పండగ ఇంకో కాడుంది. అదెలాగుంటాదో నాను సూడనే లేదు."

మరునాడు ఆయన లేత్ షాపుకు తాళం వేశారు. ఇస్త్రీ చొక్కా, తలమీద టోపీ పెట్టుకుని, స్టేషనుకు వచ్చి నాతో పాసింజరు ఎక్కారు. దువ్వాడలో దిగి, మైదానానికి నడిచి, ఇసుక గుంట పక్కన రుమాలు పరుచుకుని కూర్చున్నారు. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన ఆయన లాంగ్ జంప్ చూడటం అదే మొదటిసారట. నేను దూకాను. ఇంకోసారి దూకమన్నారు. మూడోసారి గుంట పక్కన కాకుండా చెక్క పక్కన వంగి కూర్చుని, నా పాదాన్ని చూశారు. తర్వాత మేడమ్‌ను అడిగి, ఆవిడ ఫోనులో అదే దూకుడును మళ్లీ మళ్లీ చూశారు. ఎండకు ఫోను మీద చేయి అడ్డం పెట్టుకుని, ఎంతో విలువైన దస్తావేజు చదివినట్టు చదివారు.

చివరికి ఆయన అన్నది ఒకటే మాట. "ఇంత తక్కువసేపా?"

చెక్క మీద పాదం ఉండేది ఎంత తక్కువసేపో ఆయన అప్పుడే గ్రహించారు. తాలింఖానాలో నేను బరువు కింద నుంచి లేవడానికి నింపాదిగా ఊపిరి తీసుకునేదాన్ని. ఇక్కడ ఆ వ్యవధి లేదు. కాలిలో ఎంత బలమున్నా, అది పిలిచిన మరుక్షణం రాకపోతే లేనట్టే. మేడమ్, ఆయన ఇద్దరూ గట్టు మీద కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నారు. ఆవిడకు పుస్తకాల్లో చదివింది తెలుసు, ఆయనకు చేతులకు తెలిసింది తెలుసు. ఒకరి మాటను ఒకరు తలూపుతూ వింటుంటే, నేను గుంటలో ఇసుక సర్దుతూ వాళ్లను చూశాను. ఇద్దరు పెద్దవాళ్లు నా ఒక్క కాలి గురించి అంతసేపు మాట్లాడుకోవడం నాకు వింతగా, హాయిగా అనిపించింది.

అప్పటి నుంచి పద్ధతి మారింది. వారానికి మూడు రోజులే బరువులు. వాటిలో ఒక్కరోజు మాత్రం భారీగా. మిగతా రెండు రోజులూ తక్కువ బరువు పెట్టి, మెల్లగా దిగి, తుపాకీ పేలినట్టు లేవాలి. రాడ్ దించిన వెంటనే పక్కనున్న చెక్కపెట్టె మీదికి రెండు కాళ్లతో ఎగరాలి. అక్క తన ఎత్తుల్లో ఒకటి నాకు నేర్పింది. నేల మీద నుంచి రాడ్‌ను ఒక్క ఊపులో భుజాల దాకా తెచ్చుకోవడం. చేతులతో లాగకే, తుంటితో తన్ను అనేది. అది వచ్చేదాకా నా గడ్డానికి రెండుసార్లు రాడ్ తగిలింది. ఒక పొద్దున అది వచ్చింది. ఇనుము నా ముందు గాల్లో ఒక్క లిప్త బరువు లేకుండా నిలబడింది. ఆ లిప్త నాకు బాగా తెలిసినదే. ఇసుక గుంట మీద నేను పోగొట్టుకున్న చోటు ఈ తుప్పు వాసన హాలులో దొరికింది. రాడ్ దించి గోడకానుకుని కూర్చున్నాను. ఏడుస్తుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది. నీళ్ల సీసా ఇచ్చింది.

కాలేజీల మధ్య పోటీలు వారం రోజుల్లో ఉన్నాయనగా చాచా నన్ను తాలింఖానాకు రావద్దన్నారు. తిను, పడుకో, నాలుగడుగులు పరిగెత్తు, అంతకుమించి ఏమీ చేయొద్దన్నారు. ఆ వారం ఎలా గడిచిందో చెప్పడం కష్టం. మొదటి రెండు రోజులు ఒళ్లంతా సీసం పోసినట్టు నిద్ర. మూడో రోజు లేచి బాల్కనీలో నిలబడితే, పాదాల కింద గచ్చు కాస్త ఎత్తుకు తోస్తున్నట్టనిపించింది. నెలల తరబడి నా భుజాల మీద కూర్చున్న ఓడలన్నీ ఒక్కొక్కటే లేచి రేవు వదిలి వెళ్లిపోతున్నట్టు. ఆరిన బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్తే ఒక్కో మెట్టు కాలిని పైకి విసిరేది. దూరంగా ప్లాంటు పొగగొట్టాలు, వాటి వెనక కొండ, దాని వెనక కనబడని సముద్రం. ఆ వారమంతా ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడితే ఒలికిపోతుందేమోనని భయం.

పోటీలు మా నగరంలోనే జరిగాయి. అక్క వచ్చింది. నాన్న షిఫ్టు మార్చుకుని వచ్చారు. చాచా రాలేదు. ఆ రోజు ఏదో పడవకు షాఫ్టు అత్యవసరంగా కావాలట. మొదటి దూకుడు జాగ్రత్తగా దూకాను. పాత అంకె దగ్గరికే వచ్చింది. రెండోదానికి రన్నప్ గుర్తు దగ్గర నిలబడినప్పుడు గాలి వెనక నుంచి మెల్లగా వీస్తోంది. పరిగెత్తాను. చెక్క మీద కాలు పడింది.

మోకాలు కుంగలేదు. నేలే నన్ను తోసింది.

ఆ తర్వాతిది వరుసగా చెప్పలేను. మైదానం అంచున తెల్లటి చున్నీ ఒకటి ఎగురుతోంది. నా చేతులు ముందుకు వెళ్తున్నాయి, ఎవరి తొందరా లేదు. కింద ఇసుక తడిసి, దువ్వి ఉంది. దాన్ని చూడటానికి నాకు బోలెడంత సమయం ఉంది. ఇంకా రాలేదేమిటి అనుకున్నాను. నిజంగానే ఆ మాట అనుకున్నాను, గాల్లో. తర్వాత మడమలు దిగబడ్డాయి. నేను పడినచోటు నుంచి వెనక్కి చూస్తే, అంతకుముందు ఎవరూ తొక్కని ఇసుక అది.

అక్క అరిచింది. అప్పుడు చెక్క దగ్గర కూర్చున్నాయన ఎర్రజెండా ఎత్తాడు.

చెక్క అంచు దాటి ముందు పరిచిన మైనం మీద నా బూటు మొన గుర్తు పడింది. వేలి గోరంత. ఫౌల్. అది ఎంత దూరమో ఎవరూ కొలవరు. ఒక మనిషి వచ్చి పారతో నా గుర్తును చెరిపేసి, ఇసుకను చదును చేశాడు. నేను నిలబడి అదంతా చూశాను. బాధ రావాలి. రాలేదు. అప్పటికి నేనింకా పూర్తిగా కిందికి దిగలేదేమో.

మూడోది, నాలుగోది సాదాగా పోయాయి. అయిదోదానికి గుర్తును అరడుగు వెనక్కి జరిపాను. అది సరిగ్గా పడింది. ఆ ఎర్రజెండా దూకుడంత కాదు, కానీ నా పాత అంకె కంటే మూరెడు ఎక్కువ. రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం వచ్చిన అమ్మాయి నన్ను కౌగిలించుకుని, నీ ఫౌల్ నేను చూశాను, అని చెవిలో చెప్పింది. ఆ మాట నాకు పతకం కంటే ఎక్కువ కాలం గుర్తుండిపోయింది.

సాయంత్రం నాన్నతో వన్ టౌన్ వెళ్లి పతకం చాచా చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేలితో మీటి, చప్పుడు విని, ఇత్తడి కాదని తేల్చి నవ్వారు. ఎంత దూరమని అడగలేదు. మోకాలు ఎటు చూసిందని అడిగారు. నాన్న నా బదులు జవాబు చెప్పారు. తిన్నగా ముందుకే చూసిందని.

ఇంకో మూడేళ్లు దూకాను. ఆ ఎర్రజెండా దగ్గరికి ఎప్పుడూ చేరలేదు. ఒకసారి నాలుగు వేళ్ల దూరంలోకి వచ్చాననుకుంటాను, దాన్ని కొలిచినవాళ్లు లేరు గనక అదీ ఖాయంగా చెప్పలేను. తర్వాత బీపీఈడీ చేసి ఒక స్కూల్లో పీటీ టీచరుగా చేరాను. చాచాకు చూపు తగ్గింది. కళ్లకు ఆపరేషను అయ్యాక లేత్ పని కొడుకుకు అప్పజెప్పారు. పొద్దుటి రెండు గంటలు మాత్రం వదల్లేదు. చూపు కంటే చెవితోనే ఎక్కువ తెలుస్తుందని, రాడ్ నేలకు తగిలే చప్పుడును బట్టి ఎవరు ఒంటివైపు ఒరుగుతున్నారో చెప్పేవారు. ఆయన పోయింది ఒక వేసవిలో, మామూలుగా, పొద్దుటి నమాజు తర్వాత పడక్కుర్చీలో. ఆ రోజు మేం పదిహేనుమందిమి ఆడపిల్లలం, పెళ్లిళ్లయినవాళ్లం, పిల్లలున్నవాళ్లం, ఆ సందులో ఎండలో నిలబడ్డాం. మాలో ఎత్తేవాళ్లు, విసిరేవాళ్లు, పరిగెత్తేవాళ్లు ఉన్నారు. కబడ్డీ ఆడేవాళ్లు ఇద్దరు. ఆయన ఇంతమందికి నేర్పారని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు.

అక్కకు క్రీడల కోటాలో రైల్వేలో ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లింది. పోయిన డిసెంబరులో సెలవు మీద వచ్చింది. ఒక ఉదయం ఇద్దరం వాళ్ల పేట వెంబడి ఒడ్డున నడుస్తున్నాం. మంచు ఇంకా విడలేదు. నీరెక్కడ అయిపోయి ఆకాశం మొదలవుతోందో తెలియడం లేదు. ఒడ్డున అలివి వల లాగుతున్నారు. సముద్రంలోకి దూరంగా వేసి, రెండు కొసల తాళ్లనూ ఒడ్డు నుంచి లాగే పెద్ద వల అది. ఒకవైపు మనుషులు తక్కువయ్యారు. అక్క మేనత్త తాడు వదలకుండానే తల తిప్పి పిలిచింది.

"ఏటలా సూత్తన్నారు, రండే."

చెప్పులు విప్పి వెళ్లాం. తాడు తడిగా, చల్లగా, అరచేతికి గరుకుగా ఉంది. అక్క నా ముందు, నేను ఆమె వెనక. ఇసుకలో మడమలు దింపి, తుంటి కిందికి తెచ్చి, అందరితో పాటు వెనక్కి ఒరిగాను. మొదట ఏమీ కదల్లేదు. సముద్రం అటువైపు పట్టుకుని ఊరుకున్నట్టుంది. తర్వాత ఎక్కడో లోతున అది కాస్త వదిలింది. ఒక అడుగు వెనక్కి వేశాం, ఇంకొక అడుగు. ముందున్న ముసలామె హైలెస్సా పాడుతోంది. మంచులో ఆమె గొంతు తప్ప మనిషి సరిగా కనబడటం లేదు. ఎంతసేపు లాగామో తెలియదు. నా వెనకున్నావిడ నా నడుం మీద తట్టి, ఈ పిల్ల ఏ పేట పిల్ల అని అడిగింది. కూర్మన్నపాలెం అని అక్క చెబితే నమ్మలేదు.

వల ఒడ్డుకు వచ్చేసరికి ఎండ వచ్చింది. కానాగంత చేపలు కొన్ని, జెల్లీ చేపలు బోలెడు. మేనత్త గుప్పెడు కానాగంతలు ఏరి, కొబ్బరాకులో చుట్టి నా చేతిలో పెట్టింది. అమ్మ వంట మొదలుపెట్టేస్తుందేమోనని బస్సులోంచే ఫోను చేసి, చేపలు తెస్తున్నానని చెప్పాను. ఈ రోజుల్లో చింతచిగురు దొరకదు, ఎండు మామిడి ముక్కలు వేస్తానంది.